చిన్న తీగ

బీన్స్ అడుగంటకుండా వర్డీ గేహార్ట్ తెడ్డంత గరిటెను రెండు చేతులా పట్టుకుని డేగిసాలో తిప్పుతోంది. శుక్రవారం అంటే సూప్ బీన్స్, మొక్కజొన్న రొట్టె, తరిగిన ఉల్లిపాయ. పదిహేడేళ్లుగా ఆ బడి వంటింట్లో శుక్రవారం మారలేదు, ఆమె నిలబడే చోటూ మారలేదు. పొయ్యి ముందున్న సిమెంటు నేల ఆమె బూట్ల కింద రెండు పాదాల మేర నున్నగా అరిగింది. యాభై తొమ్మిదేళ్ల మనిషి. పొట్టిగా ఉంటుంది గానీ భుజాలు మాత్రం మూటలు మోసేవాడి భుజాలు. ముంజేతుల మీద ఓవెన్ తలుపు పెట్టిన వాతలు ఒకదాని కింద ఒకటి వరసగా ఉన్నాయి. జుట్టును వల కింద ఎంత బిగించినా చెవి దగ్గర ఒక తెల్ల పాయ బయటికొచ్చి, ఆవిరికి చెంపకు అతుక్కుంటుంది. బడిలో ఉన్న మూడొందల మంది పిల్లల్లో ఆమె ఇంటిపేరు తెలిసినవాళ్లు పదిమంది ఉంటే గొప్ప. తక్కినవాళ్లందరికీ ఆమె రొట్టె అత్త.

గరిటె తిరిగే వాటానికి ఆమె గొంతులో ఏదో పాట సన్నగా నడుస్తోంది. పక్కన రొట్టె పిండి కలుపుతున్న ఓమా చెవి అటే వేసి ఉంది. ఓమా వర్డీ కంటే ముప్పయ్యేళ్లు చిన్నది, నోరు మాత్రం ముప్పయ్యేళ్లు పెద్దది.

"ఈ వారం పాట ఇదన్నమాట," అంది ఓమా.

"ఏ పాట?"

"అదే, సోమవారం నుంచీ సాగదీస్తున్నావుగా. కిందటి వారం ఇంకోటి. వారానికొకటి పట్టుకొస్తావు. నేను కనిపెట్టలేదనుకున్నావా అత్తా?"

"కనిపెట్టింది చాల్లే, పిండి చూసుకో. ఉండలు కడుతోంది."

వర్డీ మొహం వేడెక్కింది. ఓమా కనిపెట్టింది సగమే. తక్కిన సగం ఆమె ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్నవాడికి కూడా.

ఆ కట్టుకున్నవాడు ఎస్టిల్ గేహార్ట్ బాంజో వాయించి ఇరవై ఆరేళ్లయింది. అంతకుముందు డ్రై లిక్ లోయలో పెళ్లయినా, కొత్త కొట్టం లేపినా అతను లేనిదే జరిగేది కాదు. ఆ బాంజో వాళ్ల నాన్న చేసింది. తోటలో బీన్స్ మొక్కలన్నీ మేసిపోతున్న, పందికొక్కులా బొరియల్లో ఉండే గ్రౌండ్‌హాగ్‌ను కొట్టి, దాని తోలును చట్రానికి బిగించి, వాల్‌నట్ చెక్కతో మెడ చెక్కాడు. తిన్న బీన్స్‌కి ఇంకా పాడుతూనే ఉంది పాపం అని ఎస్టిల్ దాన్ని చూపించి నవ్వించేవాడు. శనివారం సాయంత్రం దాన్ని భుజాన వేసుకుని వెళ్లినవాడు ఆదివారం పొద్దెక్కాక తూలుకుంటూ వచ్చేవాడు. వర్డీకి నవ్వు తగ్గిపోయింది. ఆమె ఏట్లో మునిగి బాప్తిస్మం తీసుకున్న ఏడాదే అతన్ని కూడా రమ్మంది. వాళ్ల సంఘంలో దేవుణ్ణి నోరారా పాడవచ్చు గానీ వాద్యం ముట్టుకోకూడదు. ఎస్టిల్ నెలరోజులు ఆలోచించి సరేనన్నాడు.

మునగబోయే ముందు రోజు సాయంత్రం వరండాలో కూర్చుని అతను 'ఏరవతలి పిల్ల' అందుకున్నాడు. మొట్టమొదట ఆమె కోసం వాయించింది ఆ పాటే. వర్డీ వాళ్ల నాన్న ఇంట్లో పడుచువాళ్లందరూ చేరి, చలికాలానికి ఎండబెట్టుకునే బీన్స్ కాయలను దారానికి గుచ్చుతున్న రోజున. ఏరు పొంగి అవతలే ఉండిపోయిన పిల్లకు ఇవతలి గట్టు మీది కుర్రాడు చెప్పుకునే మాటలు ఆ పాట. రెండో చరణం సగంలో ఉండగా వర్డీ గుమ్మంలోకొచ్చి నిలబడింది. ఇంకాసేపు వింటే ఏడ్చేస్తానని భయం వేసింది. ఆ భయం నోట్లోంచి బయటికొచ్చేసరికి కోపంలా తయారైంది. "చాలు ఎస్టిల్. ఇక చాలు," అంది.

అతను ఆపేశాడు, ఆ చరణమైనా పూర్తి చెయ్యలేదు. చిన్న తీగను బిగించి, బాంజోను గోడ మేకుకు తగిలించి, ఆవుకు నీళ్లు పెట్టడానికి వెళ్లాడు.

ఆ చిన్న తీగ సంగతి చెప్పాలి. బాంజోకు నాలుగు పొడుగు తీగలుంటాయి, మెడ మధ్య నుంచి మొదలయ్యే పొట్టి తీగ ఒకటి ఉంటుంది. బొటనవేలు మీటేది దాన్నే. ఆ కొండల్లో పాతకాలం వాళ్లు పాటకొక శ్రుతి పెట్టుకునేవారు. పాటను బట్టి పొడుగు తీగలు ఎక్కుతాయి, దిగుతాయి. చిన్నది మాత్రం ఉన్న చోటే ఉంటుంది. ఎస్టిల్‌కు వచ్చిన పాటలన్నిటిలోనూ చిన్న తీగను కిందికి దించాల్సింది ఒక్క 'ఏరవతలి పిల్ల'కే.

ఏట్లో మునిగి లేచిన మరుసటి నెల ఎస్టిల్ సంఘం పెద్ద కోల్బీ దగ్గరికి వెళ్లి అమాయకంగా అడిగాడు. "గోడకున్న బాంజో పాపం చేస్తుందా బ్రదర్?"

"గోడకున్నది ఏం చేస్తుంది?"

"వాడకపోతే పాడైపోద్ది. అప్పుడప్పుడు శ్రుతి చేసుకోవచ్చా?"

కోల్బీ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "శ్రుతి పాట కాదు కదా. చేసుకో," అన్నాడు. ఆ ఏడాదంతా సంఘం దాన్ని చెప్పుకుని నవ్వుకుంది.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం ఎస్టిల్ బాంజోను దింపి, పొయ్యి దగ్గర తోలును వెచ్చజేసి, శ్రుతి చేసి మళ్లీ తగిలించేవాడు. ఒక్క స్వరం ఎక్కువ మీటలేదు. మొదట్లో వర్డీ పట్టించుకోలేదు. ఒక శుక్రవారం వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తూ ఆగిపోయింది. ఇది కిందటి వారం శ్రుతి కాదు. ఏ శ్రుతి ఏ పాటదో ఆమె చెవికి ఎప్పుడో పట్టుబడింది. గదిలో తీగలు కుదురుకున్నాక వంటింట్లో ఆమె లోపల పాట మొదలైంది. మొదటి చరణం నుంచి చివరిదాకా నడిచి, మరుసటి శుక్రవారం దాకా ఆగలేదు.

నీకు తెలుసా అని అతను అడగలేదు. తెలుసని ఆమె చెప్పలేదు. శ్రుతి పూర్తయ్యాక అతను వంటింటి వైపు ఒకసారి చూసేవాడు. ఆమె గిన్నె మీద మూతతో ఒకసారి గట్టిగా చప్పుడు చేసేది. అంతే. ఇరవై ఆరేళ్లలో అతని పాటలన్నీ ఎన్నోసార్లు తిరిగొచ్చాయి, 'ఏరవతలి పిల్ల' తప్ప. చిన్న తీగ ఒక్క శుక్రవారం కూడా దిగలేదు. మర్చిపోయాడేమో అనుకునేది. మర్చిపోయే మనిషి కాదు. అయితే ఆ రోజు తను 'చాలు' అన్న మాట ఇంకా మనసులో పెట్టుకున్నాడా? అడగాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చేది. వద్దన్నది తనే, మళ్లీ ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

ఇప్పుడు టైము లేదు. ముప్పయ్యేళ్లు గనిలో పీల్చిన బొగ్గు పొడి ఎస్టిల్ ఊపిరితిత్తుల్లో గట్టిపడిపోయింది. వసంతం నుంచి పడుకోలేక కుర్చీలోనే నిద్రపోతున్నాడు. కిందటి శుక్రవారం శ్రుతికి ముప్పావుగంట పట్టింది. మధ్యలో బాంజోను ఒళ్లో పెట్టుకుని మూడుసార్లు ఆగాడు. మంచు పడేదాకా ఉంటే సంతోషించమన్నాడు డాక్టరు.

"ఎస్టిల్ మావ బాంజో విన్న చెవులతో రేడియో వినబుద్ధి కాదని మా నాన్న అనేవాడు," అంది ఓమా, పిండిని పళ్లెంలో పోస్తూ. "నేనెప్పుడూ వినలేదు. ఒక్కసారి వాయించమని చెప్పరాదూ."

"సంఘంలోంచి తీసేస్తారు."

"ఈ ఊపిరి లేని మనిషినా? తియ్యనీ, చూద్దాం. అసలు వద్దన్నది సంఘమా అత్తా, నువ్వా?"

వర్డీ పొయ్యి తగ్గించి ఉల్లిపాయలు తరగడానికి కూర్చుంది. కళ్లు తుడుచుకోవడానికి ఒక సాకు దొరికింది. పిల్లలు వరస కట్టారు. ఆమె మూడొందల పళ్లేల్లో బీన్స్ వేసింది, ఇంకో ముక్క అడిగినవాడికి కాలిన అంచు ముక్క వేసింది, పళ్లేలు కడిగింది, నేల తుడిచింది. తుడుపుగుడ్డ పిండేటప్పటికి తేల్చేసుకుంది. ఇవాళ అడిగేయాలి. మజ్జిగలో నలుపుకుని తినడం ఎస్టిల్‌కు ఇష్టమని రెండు రొట్టెముక్కలు కాగితంలో చుట్టుకుంది.

బస్సు ఆమెను లోయ మొదట్లో దింపింది. పొద్దున్నుంచీ పడుతున్న జల్లు ఇంకా పడుతూనే ఉంది, బాట పక్కన వాగు గోధుమరంగులో పొర్లుతోంది. వర్డీ నడుస్తూ మాట కూర్చుకుంది. ఏమయ్యా, ఆ రోజు నేనన్నది... అలా కాదు. ఏమయ్యా, ఇవాళ ఒళ్లెలా ఉంది... అదీ కాదు. పెళ్లికి ముందైనా ఆ మనిషితో మాట్లాడటానికి ఇంత తడబడలేదు. చివరికి ఒకటి కుదిరింది. 'మిగతా సగం వాయించు ఎస్టిల్.' ఇంకేం చెప్పక్కర్లేదు, అతనికి అర్థమవుతుంది.

ఇంటి ముందు హెర్షెల్ ట్రక్కు ఉంది. హెర్షెల్ ఎస్టిల్ అక్క కొడుకు, నలభై దాటినవాడు. బాంజో మావయ్య దగ్గరే నేర్చుకున్నాడు. రోజూ వచ్చి పొయ్యికి బొగ్గు పడేసి పోతాడు. ఇవాళ వరండా మెట్టు మీద టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని వెనక గుమ్మంలో పొరుగు ఆడవాళ్లు ఇద్దరున్నారు. వర్డీ నడక ఆగిపోయింది.

"ఎప్పుడు?" అంది.

"మధ్యాహ్నం కాకముందే అత్తా. కుర్చీలోనే. కష్టపడలేదు." హెర్షెల్ టోపీని తిప్పుతున్నాడు. "బడికి ఫోన్ చేద్దామనుకున్నా. అంతమంది పిల్లల మధ్య నీకీ మాట వినిపించడం నా వల్ల కాలేదు."

ఆడవాళ్లు ఎస్టిల్‌ను కడిగి, చొక్కా మార్చి మంచం మీద పడుకోబెట్టారు. చావు జరిగిన ఇంటి ఆనవాయితీ ప్రకారం గోడ గడియారాన్ని ఆపేశారు. ఎన్నో నెలల తర్వాత అతను వెల్లకిలా, సుఖంగా పడుకున్నాడు. వర్డీ అతని జుట్టు సర్దింది. ఎంత కడిగినా గోళ్ల కింద బొగ్గు పోలేదు, ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని చాలాసేపు కూర్చుంది. రొట్టెముక్కల పొట్లం ఇంకా చంకలోనే ఉందని ఎవరో తీసుకున్నప్పుడు తెలిసింది.

అప్పుడు కుర్చీలో ఉన్న బాంజో కనిపించింది. తీగలు వేలాడుతున్నాయి.

"దీన్నెవరు దింపారు?"

"నేనే. మావయ్య దింపమన్నాడు పదింటికి. సాయంత్రం దాకా ఆగు, అత్త వస్తుందిగా అంటే వినలేదు. అరగంట పైనే కుస్తీ పట్టాడు. నేను బయట బొగ్గు దింపుతున్నా. లోపలికొచ్చి ఏం పాట మావయ్యా అంటే, నీకు కాదులేరా అన్నాడు. నవ్వాడు కూడా. కాఫీ పెట్టి తెచ్చేసరికి..."

"తీగలు ఇలా ఉన్నాయేం?"

"వదులు చేశానత్తా. వాయించేవాడు లేనప్పుడు బిగువు మీద వదిలేస్తే మెడ వంగిపోద్ది. అది నాకు నేర్పింది మావయ్యే."

"వదులు చేసే ముందు మీటి చూశావా?"

"లేదు." హెర్షెల్ బాంజో వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. అతనూ వాయించేవాడే. చేసిన పని ఏమిటో అప్పటికి తెలిసొచ్చి మొహం పాలిపోయింది. "అయ్యో అత్తా. నాకు తోచలేదు."

వర్డీకి కోపమైనా రాలేదు. ఇన్నేళ్లూ శుక్రవారం శుక్రవారం మాట్లాడిన మనిషి ఆఖరి శుక్రవారం ఏం చెప్పాడో ఇక ఎవరికీ తెలియదు. లోపల ఖాళీ డేగిసా బోర్లించినట్టయింది.

"చిన్నది మాత్రం రాలేదు," అన్నాడు హెర్షెల్, తల దించుకుని. "మావయ్య గట్టిగా నొక్కి తిప్పినట్టున్నాడు, తీగ చుట్టే బిరడ వానకి ఉబ్బి ఇరుక్కుపోయింది. ఎంత తిప్పినా కదల్లేదు."

ఆమె లేచి వెళ్లి బాంజో ముందు వంగింది. కాలిన మచ్చల చెయ్యి చాచి, బొటనవేలితో చిన్న తీగను మీటింది.

అది ఎప్పుడూ ఉండే చోట లేదు. కిందికి దిగి ఉంది.

ఆమె ఇంకోసారి మీటింది. అనుమానం లేదు. ఎస్టిల్ మర్చిపోలేదు. మనసులో కోపం పెట్టుకోనూ లేదు. పదింటికి, లేని ఊపిరి కూడదీసుకుని, ఆమె వచ్చేదాకా ఆగలేనని తెలిసి, ఆ తీగను దించి వెళ్లాడు.

వర్డీ వంటింట్లోకి నడిచింది. ఏడవడానికి వెళ్లిందనుకుని ఆడవాళ్లు దారిచ్చారు. పొయ్యి మీద ఉన్న ఖాళీ గిన్నె మూత తీసి, దాంతో ఒకసారి గట్టిగా చప్పుడు చేసింది. అప్పుడు ఏడ్చింది. ఏడుపు మధ్యలోనే, రెండో చరణం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి ఆమె గొంతు సన్నగా అందుకుంది. ఏరు తగ్గనీ పిల్లా, తొందరపడకు, నీకు అవతలి గట్టున నేనుంటా.

తీగలు మార్చి ఇస్తానని ఆ తర్వాత హెర్షెల్ చాలాసార్లు అన్నాడు. ఆమె ముట్టుకోనివ్వలేదు. బాంజో ఆ మేకుకే ఉంది, నాలుగు తీగలు వదులుగా వేలాడుతూ, చిన్నది ఒక్కటీ దించిన చోటే బిగిసి.