లేచిన కాలరు

తమ్ముడు తెగేసి చెప్పాడు. శనివారం సాయంత్రానికి పదిమంది టైలర్లు తమ యాప్ వాడకపోతే, పిలిచిన ఉద్యోగానికి సరేనని రాసేస్తాడు. ఇక యాప్ అటకెక్కినట్టే. కొలతల పుస్తకం బదులు ఫోన్లో కొలతలు దాచుకునే యాప్ అది. ఏడు నెలలు అక్కాతమ్ముళ్లు దాని మీదే పడి ఉన్నారు.

గురువారానికి అక్క అరవై ముగ్గురు టైలర్లకు మెసేజ్ పెట్టింది. "గౌరవనీయులైన మీకు మా సరికొత్త సేవను పరిచయం చేస్తున్నాం" అని. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"అందరికీ ఒకే పాఠం అప్పజెబుతున్నావక్కా. చదివేవాడికి ఒళ్లు మండదూ?"

"మండితే తిట్టనీరా. తిట్టినా పలికినట్టేగా!"

అరవై నాలుగో టైలరు పేజీ తెరిచింది. వరసగా చొక్కాల ఫొటోలు. నీలం చొక్కా దగ్గర చూపు ఆగిపోయింది. నాన్న కుట్టుమిషను పక్కన కూర్చుని పెరిగిన పిల్ల. కంటికి కనబడ్డాక నోరు కట్టుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

"నీలం చొక్కాకి కుడివైపు కాలరు లేచిందండీ. లోపల వేసే కాన్వాసు గుడ్డ తడిపి ఆరబెట్టకుండా కుట్టినట్టున్నారు."

యాప్ ఊసే ఎత్తకుండా పంపేసింది. నిమిషం తిరక్కుండా ఫోన్ మోగింది.

"ఎవరమ్మా నువ్వు? ముప్పై ఏళ్లుగా కుడుతున్నా. నా కాలరుకి వంక పెట్టిన మగాడు ఇంతవరకు పుట్టలేదు!"

"అందుకే నేను పెట్టానండీ."

 అవతల గొంతు దిగింది.

"తడపలేదులే. ఆ చొక్కా మనిషి తొందరపెడుతూ నెత్తిన కూర్చున్నాడు. నీకెలా తెలిసింది?"

"మా నాన్న టైలరండీ."

"అలా చెప్పు! మన పనివాళ్ల పిల్లవన్నమాట. ఇంతకీ ఏం కావాలి?"

చెప్పింది. టైలరు యాప్ ఎక్కించుకున్నాడు. పది నిమిషాలకే మళ్లీ ఫోన్.

"అమ్మాయ్, టేపుకే రెండు చేతులూ సరిపోతాయి. ఈ అంకెలు కొట్టడానికి మూడో చెయ్యి మీరు పంపుతారా?"

అక్క నాలుక కరుచుకుంది. నాన్న కొలుస్తూ కేకేసేవాడు, తను పుస్తకంలో రాసేది. ఆ ఇంట్లో మూడో చెయ్యి తనే. తన చెయ్యినే తాను మరిచిపోయి యాప్ చేసింది.

తమ్ముడు శుక్రవారమంతా కుర్చీ దిగకుండా, కేకేస్తే విని రాసుకునేలా మార్చాడు. శనివారం పొద్దున టైలరు "ఛాతీ నలభై!" అన్నాడు. ఫోన్ రాసుకుంది. అక్కణ్ణుంచి మొదలు. మిషను చప్పుడులో అంకెలు తప్పుతున్నాయట. యాప్ నడుము ముందు అడుగుతోందట, ఆయన భుజం ముందు కొలుస్తాడట. మధ్యాహ్నానికి పదకొండు ఫోన్లు.

సాయంత్రమైంది. మిగిలిన అరవై ముగ్గురిలో ఒక్కరూ పలకలేదు.  అక్క తమ్ముడి గది గుమ్మంలో నిలబడింది.

"ఒక్కడే దొరికాడురా. ఉద్యోగంవాళ్లకి రాసేశావా?"

"రాశా." వాడు తల ఎత్తలేదు. "రావడం కుదరదని. రెండు ముక్కలు. అంతకంటే తీరిక ఏదీ? ఆయన ఊపిరి తీసుకోనిస్తేగా! ప్యాంటు కింది అంచు కొలత మరిచామట, ఏకిపారేస్తున్నాడు."

"పదిమంది అన్నావుగా?"

"ఈయన పదిమంది పెట్టు. ఇంకో ఇలాంటివాడు దొరికితే మనిద్దరం చాలం."

ఫోన్ మోగింది. ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాచారు.