పేరయ్యపేట బొడ్రాయి

నేను ఒక నిలువురాయిని. పేరయ్యపేట నడిబొడ్డున, ఒళ్లంతా పసుపు పూయించుకుని, ఇనప కటకటాల మధ్య నిలబడి ఉంటాను. ఊరు పుట్టిననాడు పాతిన బొడ్రాయినని అందరూ నాకు మొక్కుతారు. వాళ్లకు తెలిసింది అంతే. ఊరు పుట్టకముందు నేను మనిషిని.

ఆ మనిషి సోడె ఇరమయ్య, శబరి ఒడ్డు కోయవాడు. జ్వరంతో పోయాడు. అన్నదమ్ములు ఏడుగురు నన్ను కొండ మీంచి మోసుకొచ్చి అతని పేర నిలిపారు. భార్య బుద్రమ్మ దినానికి కోసిన ఎద్దు తోక నాకు కట్టి, నా పాదు దగ్గర ఇప్పసారా పోసింది. ఆనాటి నుంచి వాళ్లకు నేను రాయిని కాను, ఇరమయ్యనే. ఏటా కొత్త పంట రాగానే మొదటి ముద్ద నాకు పెట్టేది. నేను తినందే ఆమె కొత్త గింజ నోట పెట్టకూడదు. అది వాళ్ల కట్టుబాటు.

తర్వాత గోదావరి దిగువ నుంచి గుత్తుల పేరయ్య పదకొండు కుటుంబాలతో పడవల మీద వచ్చాడు. మంచివాడే. చీమలకు నూకలు చల్లేవాడు, మనుషుల దగ్గరే కాస్త పొదుపు. అడవి నరికారు, ఇళ్లు లేపారు. ఊరన్నాక బొడ్రాయి ఉండాలిగా. పంతులు నన్ను చూసి మురిసిపోయాడు.

"చెక్కే పని లేదు పేరయ్యా. దేవుడే నిలబెట్టి ఉంచాడు."

ఎద్దుతోకను కర్రతో తీసి ఏట్లో పారేశారు. నన్ను పెకలించి, ఈడ్చుకెళ్లి, నాలుగు వీధులు కలిసేచోట పాతారు. బొడ్రాయి వేసిన ఊళ్లోకి మూడు రోజులు బయటివాళ్లు అడుగు పెట్టకూడదు. సరిగ్గా రెండో రోజున బుద్రమ్మ కొత్త జొన్న సంకటి కుండతో పొలిమేరకు వచ్చింది.

"మా ఇరమయ్యకు ఇంత పెట్టి పోతా దొరా. ఆడు తినకుంటే నేను తినగూడదు."

"పైవోళ్లు రాకూడదమ్మా. మీకూ ఆచారాలుంటాయి కదా, ఆమాత్రం తెలీదా?" అన్నాడు పేరయ్య.

మూడు రోజులయ్యాక పంతులు ఆ కట్టడిని మండలం దాకా, అంటే నలభై రోజులకు, పొడిగించాడు. బుద్రమ్మ అక్కడే తునికిచెట్టు కింద కూర్చుంది. పాత గింజలు వానల్లోనే అయిపోయాయి. తవ్వుకు తినే గడ్డలు నరికిన అడవితోనే పోయాయి. ఇంట్లో మాత్రం గాదె నిండా కొత్త జొన్నలు. ఇంకో రాయి నిలుపుదామని మరిది బతిమాలాడు.

"మనిషి ఒకడైతే రాయి రెండెట్టా?" అంది.

పేరయ్య జాలిపడి, నాకు నైవేద్యం పెట్టిన పులిహోర ఆకులో పంపాడు. కొత్త బియ్యం. ఆమె ముట్టలేదు.

"ఆడు తిన్నాడా?" అని అడిగింది.

"ఎవడు?" అని నవ్వాడు తెచ్చినవాడు.

నిజానికి నేను రోజూ తింటున్నాను. పాలు, నెయ్యి, ఒకనాడు మేకపోతు కూడా. తిన్నానని చెప్పే నోరు లేకపోయింది. అప్పటి నుంచి నా మీద నాకే అసహ్యం.

పందొమ్మిదో రోజున ఆమె చెట్టుకు ఆనుకునే పోయింది. కుండలో సంకటి ఎండి బీటలు వారింది. పొలిమేరలో బలి పడింది, ఊరికి మంచిదే అన్నారు.

ఆమె తాలూకువాళ్లు ఆమెకూ అక్కడొక రాయి నిలిపారు. పొట్టిది, పలకలా నున్నగా ఉండేది. మూడేళ్లకు రేవుకు మెట్లు కడుతూ పేరయ్య మనుషులు దాన్నీ పట్టుకుపోయారు. నీళ్ల దగ్గరి మొదటి మెట్టు అదే. ఇప్పటికీ కొత్త పంట రాగానే జనం దాని మీద నిలబడి కాళ్లు రుద్దుకుని, శుచిగా వచ్చి, మొదటి ముద్ద నాకు పెడతారు.