అమ్మ కట్టిన ఆఖరి ఈగ

మా తమ్ముడు ఎల్విన్ గుమ్మంలో బూట్లు తుడుచుకుని మరీ లోపలికి వచ్చేసరికి, వీడేదో ఘనకార్యం వెలగబెట్టాడని నాకు తెలిసిపోయింది. జేబులోంచి పాత పొగాకు డబ్బా తీసి వంటింటి బల్ల మీద పెట్టాడు.

"తెరువక్కా. తిట్టకు."

"తిట్టకు అన్నావంటే తిట్టాల్సిందేదో ఉందన్నమాట."

తెరిచాను. లోపల అమ్మ కట్టిన ఈగ. మా సరస్సు మీద ఈగ అంటే ఈకల ఎర. ముందొక గాలపు ముల్లు, వెనకొక ముల్లు, మధ్యన సన్నని తీగ, పైన కోడి ఈకలు, జింక తోక వెంట్రుకలు. పడవ మెల్లగా నడుపుతూ వెనక దారానికి కట్టి లాక్కుపోతే నీళ్ళలో చిన్న వెండి చేపలా ఆడుతుంది. సాల్మన్ చేప మోసపోయి కరుచుకుంటుంది. ఇప్పుడా వెనక ముల్లు తుప్పుపట్టి పట్టుకుంటే పొడి రాలుతోంది. ఈకలు ఊడి డబ్బా అడుగున పరిచిన బెండుకు అతుక్కున్నాయి.

"తడి ఈగని మూతబిగించి చలికాలమంతా ఉంచావా?"

"మర్చిపోయానక్కా."

"ఒరేయ్, తడి ఈగని టోపీకి గుచ్చుకుని ఆరబెట్టాలని ఇక్కడ పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు కదరా! ఈ వయసులో నీకు నేను చెప్పాలా?"

నా కోపం ఊరికే కాదు. మా పెరట్లో సామాన్ల కొట్టు తగలబడినప్పుడు అమ్మ ఈకల పెట్టె, ముల్లు బిగించే పట్టకారు, అన్నీ బూడిదయ్యాయి. ఆవిడ కట్టిన ఈగల్లో కొన్నిటిని చేపలు పట్టుకుపోయాయి, కొన్నిటిని నీళ్ళలో మునిగిన దుంగలు లాక్కున్నాయి. మిగిలింది ఇదొక్కటే.

"దీన్ని మళ్ళీ కట్టివ్వక్కా," అన్నాడు వాడు. "పడవ అమ్మేశాను కదా, వేసవి రాగానే కొన్నవాళ్ళు పట్టుకుపోతారు. కళ్ళూ ఆనడం లేదు. సరస్సు మీద గడ్డకట్టిన మంచు విడవగానే ఒక్క సాల్మన్ని అమ్మ ఈగతో పట్టి, ఇక చాలిస్తాను."

"కట్టను. కట్టాలంటే అమ్మ చుట్టిన దారం కోయాలి. ఆవిడ చేతిపని మిగిలిందే అది. దాన్ని నేను కోయను. గోడకి తగిలించుకో."

"గోడ మీద సాల్మన్లు పడతాయేంటే?"

"పో బయటికి," అన్నాను. వెళ్ళాడు గానీ డబ్బా తీసుకెళ్ళలేదు. వీడికి నా సంగతి తెలుసు.

ఆ డబ్బా ముందు కూర్చుంటే మా పాత వంటిల్లు కళ్ళముందుకొచ్చింది. మంచు పడే రోజుల్లో చేపలవేటకి పడవలు నడిపేవాళ్ళు చిరిగిన ఈగలన్నీ తెచ్చి అమ్మ ముందు గుమ్మరించేవారు. ఆవిడ ఒక్కటీ పారేసేది కాదు. ముళ్ళు రాతిమీద నూరేది. నలిగిన ఈకలు మా చేతికిచ్చి, కెటిల్ మూతి దగ్గర ఆవిరి పట్టించమనేది. ఈక నిదానంగా విచ్చుకుంటుంటే నాకెంత బాగుండేదో! ఇల్లంతా తడి కోడి వాసన, పొయ్యిలో ఉడికే బీన్స్ వాసన కలిసిపోయేవి. "కొత్త ఈగ పెళ్ళికూతురు, చూడ్డానికే. చేపలు నమిలిన ఈగే కాపురం చేసేది," అనేది అమ్మ.

నేనూ ఒకటి కట్టాను, చిన్నప్పుడు. నా గౌను అంచు కుట్టగా మిగిలిన ఆకుపచ్చ దారంతో. అమ్మ దాన్ని వేళ్ళతో పట్టుకుని, "ఇది ఈగా? గుమ్మడికాయకి గోచీ పెట్టినట్టుంది!" అంది. పడవలవాళ్ళందరూ పగలబడి నవ్వారు. నేను లేచి వెళ్ళిపోయాను. ఆ ఈగ పొయ్యిలోకి పోయిందనుకున్నాను. ఈ పని తర్వాతెప్పుడో మా అత్తగారి దగ్గర నేర్చుకున్నానే తప్ప అమ్మ పక్కన మళ్ళీ కూర్చోలేదు. ఆ నవ్వు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మర్నాడు బీన్స్ గిన్నె ఇద్దామని ఎల్విన్ ఇంటికి వెళ్ళాను. వాడు కిటికీ దగ్గర నిలబడి, దుకాణంలో కొన్న ఈగ ముల్లు కన్నంలోకి దారం ఎక్కించాలని చూస్తున్నాడు. దారం ఇటుపోతోంది, అటుపోతోంది. నన్ను చూసి చేయి వెనక్కి దాచుకున్నాడు. సరస్సు మీద మొనగాడనిపించుకున్నవాడు!

"ఏడ్చినట్టే ఉంది నీ పని," అని గిన్నె అక్కడ పెట్టి ఇంటికొచ్చి, ఈగని నా పట్టకారులో బిగించాను.

కోయలేదు. విప్పాను. అమ్మ ఈగ తలకి ఎర్ర దారం చుట్టి పైన గోళ్ళరంగు పూసేది. ఆ రంగు కరిగించి, సూదిమొనతో కొస పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఒక్కో చుట్టూ విప్పుతూ వచ్చాను. ముందు ముల్లు పైపైనే తుప్పుపట్టింది, గట్టిగానే ఉంది. చివరి చుట్టు ఊడేసరికి దాని కింద ఇంకో దారం కనపడింది. ఆకుపచ్చది. ఎగుడుదిగుడుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి, చివర బండముడి.

నా గౌను దారం.

దాని జోలికి పోలేదు. వెనక ముల్లు మార్చాను. మా కోడిపుంజు ఈకలకి ఆవిరి పట్టించి అమర్చాను. అమ్మ ఎర్ర దారానికే మైనం రాసి మళ్ళీ చుట్టాను. చాలనిచోట నా నల్ల దారం కలిపాను.

మంచు విడిచిన పొద్దున పడవెక్కాం. ఇంజను నా చేతిలో, గాలపుకర్ర వాడి చేతిలో. ఒడ్డు వెంబడి మంచుపలకలు ఇంకా తేలుతున్నాయి.

"అడుగున నా దారం ఉందిరా," అన్నాను.

"ఉంటుంది మరి. ఇప్పుడా తెలిసింది నీకు?"

"నీకు తెలుసా!"

"ఈకలు మార్చినప్పుడల్లా అమ్మ ఆ దారం దగ్గరికొచ్చి ఆగేది. 'మొండిపిల్ల ముడి, మొరటుదే గానీ జారదు. పైన అందం నేను చూసుకుంటా, అడుగు దానిదే ఉండనీ,' అనేది."

"మరి నాకెందుకు చెప్పలేదురా ఇన్నాళ్ళూ?"

"పొయ్యిలో వేసిందని నువ్వనుకుంటున్నట్టు నాకేం తెలుసే? నువ్వా మాట ఎత్తితేగా!"

నాకు సరస్సు కనపడలేదు. ముక్కు చీదుకుంటున్నాను. అంతలో కర్ర విల్లులా వంగింది.

"అక్కా! ఏడుపు తర్వాత ఏడుద్దువుగానీ, ముందు వల అందుకో!"

అందుకున్నాను. మంచి సాల్మన్. వాడు దాని పక్కన మోకాళ్ళ మీద కూలబడి, అమ్మా అమ్మా అంటూ నవ్వాడు. ఈగని అది నమిలి పిప్పి చేసింది. ఎర్ర దారం తెగి వేలాడుతోంది. ఆకుపచ్చ ముడి మాత్రం కదల్లేదు.

ఎల్విన్ అలవాటుకొద్దీ జేబులోంచి పొగాకు డబ్బా తీశాడు.

"దాని మూత తెరిచావంటే డబ్బాతో పాటు నిన్నూ నీళ్ళలోకి తోస్తాను," అని ఈగ లాక్కుని, తడి తడిగానే నా ఉన్నిటోపీకి గుచ్చుకున్నాను.