తీగ మీద కొత్త నంబర్

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన రోజుల్లో యూనివర్సిటీలో అన్నిటికీ కొరతే, ఒక్క అనుమానానికి తప్ప. కొత్త ముఖం కనబడితే మఫ్టీ పోలీసు, పాత ముఖం రెండు రోజులు కనబడకపోతే ఇన్‌ఫార్మర్. ఎంటెక్ చదివే కొమురెల్లి మాత్రం తాను మనుషుల మాట వినననీ, డేటానే నమ్ముతాననీ గొప్పగా చెప్పుకునేవాడు. ఆ గొప్పే కొంప ముంచింది.

అతనూ తోటి విద్యార్థిని సుప్రజా కలిసి డిపార్ట్‌మెంటు కారు మీద ప్రాజెక్టు చేస్తున్నారు. కారులో ఇంజనూ బ్రేకులూ మీటరూ ఒకే జత తీగల మీద మాట్లాడుకుంటాయి. ప్రతి మాటకూ ఓ నంబర్ ఉంటుంది కానీ, మాట్లాడింది ఎవరో ఎక్కడా ఉండదు. ఆ మాటలను పట్టి దాచే పెట్టెలు ఇద్దరూ చెరొకటి తయారు చేసుకున్నారు. క్లాసులు బంద్ అయ్యాక కొమురెల్లి అదే కారులో లాలాపేట్ నుంచి విద్యార్థుల దీక్షా శిబిరానికి బియ్యం చేరవేస్తున్నాడు. ప్రాజెక్టు సారు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. కానీ కారు ఆగిన చోటికి పోలీసులొచ్చి విద్యార్థుల్ని ఎత్తుకుపోవడం రెండుసార్లు జరిగింది. తార్నాక చౌరస్తాలో నిలబడితే ఏ కారు ఎటు పోతుందో పల్లీలమ్మే ఆమె కూడా చెబుతుంది. ఆ సంగతి ఎవరికీ తోచలేదు.

సరిగ్గా అప్పుడే కొమురెల్లి పెట్టెలో కొత్త నంబర్ ఒకటి కనబడింది. ఎవరో ఆగి ఆగి వేగమెంత అని అడుగుతున్నారు, ఇంజను బుద్ధిగా జవాబు చెబుతోంది. కారు జాడ పోలీసులకు చెప్పే దొంగ యంత్రం ఎవరో పెట్టారనుకుని అతను సీట్ల కింద, డ్యాష్‌బోర్డు వెనక అంతా వెతికాడు. ఏమీ దొరకలేదు. అదే వారం సుప్రజ పెట్టె విడిగా పట్టిన డేటా తెరిచి చూస్తే అందులో ఆ నంబరే లేదు.

ఎందుకు లేదని అడిగితే ఆమె తడబడింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అనిపించింది అతనికి. సుప్రజ వాళ్లది గుంటూరు వైపు, తండ్రి సర్కారు ఉద్యోగి. అతనికి ఇంక వేరే లెక్క అక్కర్లేకపోయింది. ఆమె డేటా తుడిపేసినట్టుందని శిబిరం చూసుకునే కుమార్ చెవిన వేశాడు. ఆ మాట హాస్టల్ చేరేసరికి సుప్రజ పోలీసుల మనిషైంది. ల్యాబ్‌కు రావద్దని కబురు కూడా పోయింది.

అయినా ఆమె వచ్చింది. తన పెట్టె ఒక్కటే కారుకు తగిలించింది. కొత్త నంబర్ రాలేదు. అతనిదీ పెట్టమంది. పెట్టగానే రెండు తెరల మీదా వచ్చింది. తీయమంది. తీయగానే ఆమె తెర మీద ఆగిపోయింది.

కొమురెల్లి మళ్లీ పెట్టి, మళ్లీ తీశాడు. పాత ప్రోగ్రాం మొరాయిస్తే తాను నెట్‌లో దొరికిన ఇంకోటి తన పెట్టెలో వేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అది వినడంతో ఊరుకోదు, అడుగుతుంది కూడా. ఆ దొంగ గొంతు తన పెట్టెదే. చూడాలంటే పెట్టె తగిలించాలి, తగిలిస్తే గొంతు వస్తుంది. సిగ్గుతో అతని ప్రాణం చచ్చిపోయింది.

"నేను పుట్టింది ఈ తార్నాకలోనే, కొమురెల్లీ" అంది సుప్రజ. "రెండు పెట్టెలకు తేడా వస్తే తప్పు నాదే అయ్యుండాలని ఎట్లా అనుకున్నావు?"

అందరికీ చెప్పి వస్తానని నేరుగా శిబిరానికి పోయాడు. బియ్యం బస్తాల పక్కన కూర్చున్న కుమార్‌కు మొదటి నుంచి అంతా చెప్పాడు. ఆమె తప్పు ఏమీ లేదని, తప్పంతా తనదేనని రెండుసార్లు అన్నాడు. అంతా విని కుమార్ అడిగాడు.

"నిన్న ఆమె తుడిపేసిందన్నవ్. ఇయ్యాల తప్పు నాదే అంటున్నవ్. నడుమ జరిగిందేందన్నా? ఆమె వచ్చి నీతోని మాట్లాడింది, గంతే గదా?"

"నువ్వే వచ్చి చూడు. రెండు పెట్టెలు పెట్టి చూపిస్త."

"నీ పెట్టెలు మాకేం సమజైతయే" అన్నాడు కుమార్. గొంతులో కోపం లేదు. చెయ్యి చాచాడు. "కారు తాళం గీడ పెట్టి పో."

కొమురెల్లి తాళం తీసి ఆ చేతిలో పెట్టాడు. పెట్టకపోతే అదీ తన మీద ఒక రుజువయ్యేది.