చెత్తబుట్టలో పిట్టలు

ఆ ఉదయం ఆకాశం తడి గోనెసంచిలా వేలాడుతోంది. కురవదు, తెరిపివ్వదు. అలాంటి రోజున చెక్క కాస్త ఉబ్బుతుంది, మనుషులు బిగుసుకుంటారు. నేను షెడ్డుకు వెళ్లేసరికి మా బావ అప్పటికే అద్దాల గదిలో కూర్చుని ఉన్నాడు. కంప్యూటర్ వైపు ముఖం, మా వైపు వీపు. మా బావ సంగతి నాకు ముఖం కంటే వీపులోనే బాగా తెలుస్తుంది. ఆ రోజు వీపు బాగాలేదు.

మాది తలుపులు చేసే షెడ్డు. మాది అంటే మా బావది. ఆయన పెళ్లి చేసుకున్నది మా అక్కని. నన్ను కూడా తెచ్చుకుని పని నేర్పాడు. ఒకప్పుడు బావా నేనూ పక్కపక్కన చతికిలబడి చేత్తో చెక్కేవాళ్లం. తర్వాత చెక్కుడు మెషీన్ వచ్చింది. దానికి పని చెప్పడానికి కంప్యూటర్ వచ్చింది. కంప్యూటర్‌కి దుమ్మూ వేడీ పడవని అద్దాల గది కట్టారు. గదికి ఏసీ పెట్టారు. ఏసీ ఉంది కదా అని బావ లోపలికి వెళ్లాడు. మళ్లీ ఇటు రాలేదు.

ఆ గదిలోకి ఇంకెవరికీ ప్రవేశం లేదు. అక్క టీ తెచ్చినా గుమ్మంలోనే గ్లాసు అందుకుంటాడు. కొలత అడగడానికి నేను వెళితే ముందు తెర ఆర్పి, ఆ తర్వాత "ఏంట్రా?" అంటాడు. ఇది అందరికీ పట్టుబడే విద్య కాదని, దీనికి తలకాయ ఉండాలని చెబుతుంటాడు. మా దగ్గర పాలిష్ పెట్టే ముసలాయన ఒకడున్నాడు. ఆయన్ని అందరం పెద్దాయన అంటాం. తలకాయ మాట వచ్చినప్పుడల్లా ఆయన తన తల తడుముకుని చూసుకునేవాడు, ఉందో లేదో అన్నట్టు.

ఆ రోజు పని చిన్నదే గానీ దాని మీద పెద్ద పని ఆధారపడి ఉంది. ఊళ్లో కొత్తగా కడుతున్న హోటల్‌కి రెండు రెక్కల సింహద్వారం మేమే చేస్తున్నాం. పై పలకల మీద ఒక్కో రెక్కకి ఓ తీగ, తీగ మీద రెండు పిట్టలు. ఎడమ రెక్క ముందు రోజు సాయంత్రానికి మెషీన్ మీద అయిపోయింది. కుడి రెక్క మిగిలింది. సాయంత్రం చీకటి పడేలోగా జత అందితే లోపల గదుల తలుపులన్నీ మీకే అన్నాడు కాంట్రాక్టర్. అందకపోతే రోడ్డుకి అవతల ఇంకో షెడ్డుంది అని కూడా అన్నాడు. ఆ షెడ్డు మాకు రోజూ కనిపిస్తూనే ఉంటుంది, ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

చెక్క బిగించి, మెషీన్ తుడిచి, నేను సిద్ధంగా నిలబడ్డాను. అద్దాల గదిలోంచి సైగ రాలేదు. కిటికీ తుడిచే వంకతో దగ్గరికి వెళ్లి చూశాను.

తెర మారిపోయింది. మీసం తీసేసిన మనిషిలా ఉంది. అదే మనిషని తెలుస్తోంది, కానీ పలకరించడానికి మొహమాటం. ఎడమ పక్క కింద ఉండాల్సిన బొమ్మలన్నీ మధ్యలోకి వచ్చి గుంపుగా నిలబడ్డాయి. అంచులన్నీ గుండ్రంగా అరగదీశారు. వెనక ఏదో నీలం పువ్వు. ఓ మూల చిన్న సూర్యుడి బొమ్మ వేసి, ఆకాశం నిర్మలంగా ఉందని రాసింది. పక్కనే కిటికీ ఉంది, అందులో గోనెసంచి ఉంది.

కొత్త రూపం వేసుకుంటానని కంప్యూటర్ నెలల తరబడి బావని అడుగుతూనే ఉంది. ఆయన 'తర్వాత' అన్నదాన్ని నొక్కుతూ వచ్చాడు. రాత్రికి రాత్రి అడగడం మానేసి వేసేసుకుంది. పొద్దున ఆయన వచ్చేసరికి మిమ్మల్ని మళ్లీ కలవడం సంతోషంగా ఉందంది. మీ పని సులువు చేశామంది. ఒకదాని తర్వాత ఒకటి ప్రశ్నలు వేసింది. ప్రతి ప్రశ్న కింద ఓ పెద్ద నీలం మీట, దాని పక్కన కనీ కనపడని చిన్న అక్షరాలు. బావ అన్నింటికీ నీలం మీటే నొక్కాడు. పెళ్లిచూపుల్లో తలూపినట్టు ఊపుకుంటూ పోయాడు. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు నాకు కనిపించింది మాత్రం, చీకట్లో చెప్పులు వెతుక్కునేవాడి కాలిలా తెర ఎడమ మూలని తడుముతున్న బాణం ఒక్కటే.

బావ కంప్యూటర్ నేర్చుకున్నది పేర్లతో కాదు, చోట్లతో. ఎడమ మూల నుంచి పైకి మూడోది, లోపల నాలుగోది, అలా. చోటు మారితే పాపం ఏం చేస్తాడు. ఆ మాట ఒప్పుకుంటే చాలు, అందరం కలిసి వెతికేవాళ్లం. ఒప్పుకుంటే బావ ఎందుకవుతాడు?

బయటికొచ్చి, కరెంటు ఎక్కువ తక్కువలవుతోందని చెప్పాడు. కాసేపు ఆగాలన్నాడు. పెద్దాయన తల మీద ఫ్యాన్ వైపు చూశాడు. అది నిమ్మళంగా తిరుగుతోంది. ఇంకాసేపటికి మళ్లీ వచ్చి, ఈ చెక్కలో తడి ఉందని, మెషీన్‌కి మంచిది కాదని అన్నాడు. ఆ చెక్క నాలుగు నెలలు ఆరబెట్టింది నేను. మూడోసారి వచ్చినప్పుడు ఏమీ చెప్పకుండా నీళ్లు తాగి వెళ్లిపోయాడు. దొంగకి తేలు కుడితే ఎలా ఉంటాడో అంతవరకు వినడమే. ఆ రోజు చూశాను.

కాంట్రాక్టర్ ఫోన్ చేశాడు. బావ గొంతు తేనెలో ముంచి, సగం అయిపోయిందన్నాడు. ఎడమ రెక్కతో కలిపి లెక్కేస్తే అది అబద్ధం కూడా కాదు.

ఇక అక్క ఆగలేదు. కంప్యూటర్ అమ్మినతనికి తనే కబురు పెట్టింది. బావ వద్దని చేతులూపాడు. ఆమె అద్దం అవతల నిలబడి, ఆ చేతులు కనపడనట్టు ఫోన్ మాట్లాడింది.

వచ్చినవాడు చూయింగ్ గమ్ నములుతూ వచ్చాడు. కొత్తది చాలా సులువండీ, చిన్నపిల్లలు కూడా వాడేస్తున్నారు అన్నాడు. అయితే ఓ పిల్లని తీసుకురావలసింది బాబూ అంది అక్క. అతను నవ్వి లోపలికి వెళ్లాడు. పిట్టల డిజైన్ ఎక్కడ పెట్టారని అడిగాడు. బావ మా వైపు చూసి, తలుపు దగ్గరగా వేసి, అతని చెవి దగ్గరకి వంగాడు. బావ గుసగుసగానే చెప్పాడు. చూయింగ్ గమ్ మనిషికి గుసగుస చేతకాదు.

"చెత్తబుట్టలోనా?"

షెడ్డంతా వినపడింది. నేను మెషీన్ దగ్గర, పెద్దాయన పాలిష్ డబ్బా దగ్గర, అక్క గుమ్మంలో. పని చేస్తున్నట్టు కూడా నటించలేకపోయాం.

అడిగితే చెప్పక తప్పలేదు బావకి. డిజైన్లన్నీ ఆయన కంప్యూటర్‌లోని చెత్తబుట్టలోనే పెట్టేవాడు. ఇన్నేళ్లుగా. పారేసినవి వేసే బుట్ట అది. కావాల్సినప్పుడు బయటికి తీసి, పని అయ్యాక మళ్లీ అందులో పడేసేవాడు.

"చెత్తబుట్టలో ఎవరూ చెయ్యి పెట్టరు కదా," అన్నాడు బావ. ఆ మాటలో అప్పటికీ కొంచెం గర్వం ఉంది.

"కంప్యూటరే పెట్టిందండీ. జాగా లేదు, చెత్త తీసేయమంటారా అని అడిగింది. మీరు సరేనన్నారు."

నీలం మీట. తిరిగి తీయొచ్చా అని బావ అడిగాడు. పాత రకం డిస్కయితే ప్రయత్నించొచ్చు గానీ, ఇందులో తుడిస్తే తుడిచినట్టేనన్నాడు అతను. ఎడమ రెక్క ఫోటో తీసి మెషీన్‌కి చూపిద్దామా అంటే, ఫోటోలో గీతలొస్తాయి గానీ లోతు రాదన్నాడు. వెళుతూ వెళుతూ, కొత్తదాంట్లో చెత్తబుట్ట బొమ్మ చాలా అందంగా మార్చారండీ, చూశారా అన్నాడు. మనసులో ఏమీ పెట్టుకోకుండానే అన్నాడు. అలాంటివాళ్లని కొట్టలేం.

అతను వెళ్లాక అక్క గదిలోకి అడుగుపెట్టింది. చాలా ఏళ్ల తర్వాత అదే మొదటిసారి. గొంతు పెంచలేదు.

"ఎవరికి దొరక్కూడదని దాచారు?"

బావ కళ్లు అద్దంలోంచి వచ్చి నా మీద ఆగాయి. ఆగి, వెంటనే తెర వైపు పారిపోయాయి. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అలా చూసి ఉండకపోతే నాకు తెలిసేదే కాదు.

పక్కవాళ్లకి భయపడి కాదు, రోడ్డవతల షెడ్డుకి భయపడి కాదు. నాకు భయపడి దాచాడు. డిజైన్లు పట్టుకుపోయి వేరే షెడ్డు పెట్టుకుంటానని. నిజం చెప్పాలంటే ఆ రోజు వరకూ ఆ ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఆలోచన మా బావది. ఆయనే పెట్టాడు నా బుర్రలో, పొద్దున పదకొండింటికి, ఖర్చు లేకుండా.

అక్క నా వైపు చూడలేదు. ఎడమ రెక్క మీద పల్చటి కాగితం పరిచి, పెన్సిల్ అడ్డంగా పెట్టి రుద్దడం మొదలుపెట్టింది. తీగ తేలింది. పిట్టలు తేలాయి. కాగితం తిరగేసి కుడి రెక్క పలక మీద అంటించింది. ఇక మాట్లాడేదేముంది. నేను ఉలులు దించాను. కాసేపటికి బావ గదిలోంచి వచ్చాడు. నా పక్కన చతికిలబడ్డాడు. ఏసీకి అలవాటు పడ్డ ఒంటికి చెమట వెంటనే పట్టింది. ఓ పిట్ట ఆయనకి, ఓ పిట్ట నాకు, తీగ ఇద్దరికీ. అక్క వెనక నుంచి ఉప్పుకాగితంతో రుద్దుకుంటూ వచ్చింది.

ఒకటి చెప్పాలి. బావ చెయ్యి పాడవలేదు. మొదట రెండు దెబ్బలు తడబడ్డాడు, తర్వాత ఉలి ఆయన మాట వింది. ఆయన పిట్ట రెక్క విదిల్చి ఎగరబోతున్నట్టుంది. నా పిట్ట తిండి ఎక్కువై కూర్చున్నట్టుంది. ఇంత చేయి పెట్టుకుని ఇన్నేళ్లు ఆ తెర ముందు ఏం కాపలా కాశాడో అనుకున్నాను. ఆ మాట పైకి అంటే మెచ్చుకోలు అవుతుంది. ఆ రోజు అనబుద్ధి కాలేదు.

వెలుగు తగ్గుతుండగా కాంట్రాక్టర్ వ్యాన్ వచ్చింది. పెద్దాయన అప్పుడే చివరి పూత పూశాడు. రెండు రెక్కలూ గోడకి ఆనించి పక్కపక్కన పెట్టాం. ఎడమ పక్కన మెషీన్ పిట్టలు రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. కుడి పక్కవి దెబ్బలాడుకుని ఒకే కొమ్మ మీద కూర్చున్న బంధువుల్లా ఉన్నాయి. కాంట్రాక్టర్ చాలాసేపు చూశాడు. జత కుదరలేదు గానీ బాగుందన్నాడు. ఎగరబోతున్న పిట్ట మీద వేలు పెట్టి, ఇది ఎవరిదన్నాడు. బావది అన్నాను. తలూపాడు. తలుపు వ్యాన్‌లోకి ఎక్కించమన్నాడు.

గదుల తలుపుల మాట బావే ఎత్తాడు. రేపటి నుంచే మొదలుపెడతామన్నాడు. కాంట్రాక్టర్ చూద్దాంలెండి అన్నాడు. తలుపు కట్టే తాడు పట్టుకుని వ్యాన్‌కి అటు పక్క బావ, ఇటు పక్క నేను. కాంట్రాక్టర్ నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. చెత్తబుట్ట కబురు ఊళ్లో ఎప్పుడో తిరిగేసింది. చూయింగ్ గమ్ మనిషి హోటల్ ముందు నుంచే వెళ్లాడట.

"పనిమంతుడు మీ బావే, కాదన్ను. కానీ ఇంట్లోవాళ్లకి భయపడి చెత్తబుట్టలో దాచుకునే మనిషికి ఇన్ని తలుపులు ఎలా అప్పగించను? నువ్వు విడిగా ఓ మెషీన్ పెట్టుకో. పని నేనిస్తా."

అటు పక్క తాడు ఆగిపోయింది. వ్యాన్ కింద నుంచి బావ కాళ్లు కనిపిస్తున్నాయి. కదల్లేదు. వద్దండీ అనడానికి నాకు ఓ క్షణం పట్టేది, అంతే. పొద్దున అయితే అనేవాణ్ణి.

"ఆలోచించుకుని చెప్తాను," అన్నాను.

కాస్త ఆగి తాడు మళ్లీ కదిలింది. బావ ముడి గట్టిగానే వేశాడు. వ్యాన్ వెళ్లిపోయింది. పెద్దాయన చేతులు కడుక్కుని, ఎవరివైపూ చూడకుండా ఇంటికి నడిచాడు.

షెడ్డు వెనకే ఇల్లు. అక్క బల్ల మీద గిన్నెలు పెట్టింది. రోడ్డు మీద వ్యాన్ దగ్గర ఏం జరిగిందో ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆమె మా ఇద్దరి ముఖాలూ చూసింది. ముందు బావకి వడ్డించింది, తర్వాత నాకు, ఆఖరున తనకి. బావ కూర గిన్నె నా వైపు జరిపాడు. నేను కాస్త పెట్టుకుని తిరిగి జరిపాను. ముగ్గురం తలలు వంచుకుని తిన్నాం. బయట ఆకాశం అప్పటికీ కురవలేదు.