ష్యాన్ వద్దన్న పాట

"ఒక్క పాట, హిల్లీ. మానుస్ పెళ్లాం మానుస్ పాట లేకుండా పోతుందా? పేట మొత్తం మన మొహాన ఉమ్మేస్తుంది!"

అమ్మ అంత్యక్రియలకి టోన్ బాబాయ్ అకార్డియన్ భుజాన తగిలించుకునే వచ్చాడు. నాన్న బతికున్నన్నాళ్లూ ఆయన పక్కన వాయించిన మనిషి.

"అమ్మ వద్దంది బాబాయ్," అంది హిల్లీ.

"కోపంలో అనుంటుందిలే."

"కోపంలో కాదు. బంగాళాదుంపల తొక్క తీస్తూ అంది."

హిల్లీ తండ్రి మానుస్ వెల్టర్ ఆమ్‌స్టర్‌డామ్‌లో, యోర్దాన్ పేట కాలువ ఒడ్డున బండి మీద హెర్రింగ్ చేపలు అమ్ముతూ పాడేవాడు. ఒక్క రికార్డుతో దేశమంతా మారుమోగిపోయాడు. కిటికీలో దీపం పెట్టుకుని ఎదురుచూసే భార్య, ఎంత రాత్రయినా ఆమె దగ్గరికే చేరే భర్త. అదీ పాట. ఆయన చేరింది మాత్రం వేరే ఆడవాళ్ల కిటికీల దగ్గరికి. ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటినా పాట పోలేదు. పెళ్లిళ్లలో అదే, ఫుట్‌బాల్ మైదానంలో అదే, ప్రతి బీరు కొట్టులోనూ అదే. అమ్మ ష్యాన్ వీధిలో కనబడితే చాలు, జనం దాన్నే పాడి వినిపించేవాళ్లు. ష్యాన్ ఓ నవ్వు నవ్వి, కూరల సంచీ మోసుకుంటూ సాగిపోయేది.

"నా శవపెట్టె ముందు మాత్రం అది వినపడకూడదే," అంది అమ్మ చివరి రోజుల్లో. హిల్లీ మాటిచ్చింది. అమ్మ పోయాక ఆమెకు ఏడుపు రాలేదు, ఆకలీ వేయలేదు. లోపల మిగిలింది ఆ మాటొక్కటే.

దహనశాల హాలు కిక్కిరిసిపోయింది. ముందు వరుసలోని ముసలావిడ హిల్లీ చెయ్యి పట్టుకుంది.

"మీ నాన్న ఫోటో పెట్టలేదేమే?"

"పోయింది అమ్మ కదండీ."

"అయితే మాత్రం!"

ప్రసంగాలు ముగిశాయి. నల్లకోట్ల మనుషులు చక్రాల మీద పెట్టెను పక్క తలుపు వైపు కదిలించారు. అంతే, టోన్ బాబాయ్ అకార్డియన్ మూలిగింది. జనం లేచి, చేతులు పెనవేసుకుని, ఊగుతూ ఆ పాటే అందుకున్నారు.

హిల్లీ గబగబా వెళ్లి రెండు చేతులతో అకార్డియన్‌ను నొక్కిపట్టింది. వాద్యం ఆగిపోయింది.

అక్కడే పొరబడింది. యోర్దాన్ బీరు కొట్లలో ఆఖరి చరణానికి అకార్డియన్ ఆగుతుంది, జనమే గొంతెత్తాలి. అది ఆనవాయితీ. హాలంతా అదే సైగ అనుకుంది. పైకప్పు ఎగిరిపోయేలా పాడింది.

"శభాష్ తల్లీ! మానుస్ కూతురివనిపించావ్!"

అటూ ఇటూ ఎవరో ఆమె చేతుల్లో చేతులు పెనవేశారు. వాళ్లతోపాటు ఆమె ఒళ్లూ ఊగింది, కొక్కేనికి తగిలించిన ఎవరిదో కోటులాగా. ఊగుతున్న తన ఒంటిని హిల్లీ బయటినుంచి చూస్తున్నట్టు నిలబడింది.

పెట్టె తలుపు దాటుతోంది.

చేతులు విదిలించుకుని వెనకాలే వెళ్లింది.

"లోపలికి రానన్నారు కదమ్మా?" అన్నాడు అక్కడి పనివాడు.

"వస్తాను. తలుపు వెయ్యండి."

బరువైన తలుపు మూసుకుంది. పాట తెగిపోయింది. కొలిమి హోరు మాత్రం మిగిలింది.

"ఇక్కడికి ఏమైనా వినిపిస్తుందా?"

"ఏమీ వినపడదమ్మా." అతను పెట్టెను కొలిమిలోకి పంపే గోడ మీది మీట చూపించాడు. "మీరు నొక్కుతారా?"

హిల్లీ నొక్కింది. వేలికి ఏమీ తెలియలేదు.