రెండు తలుపుల మధ్య మొక్క

ఆకు చివర ఒక చుక్క.

వెంటనే పడదు. ఉంటుంది. లావవుతుంది. కిటికీలోంచి వచ్చిన పొద్దుటి వెలుగంతా తనలోకి లాక్కుంటుంది. ఇక ఆగలేక — పడుతుంది.

గచ్చు మీద చిన్న చప్పుడు.

ఆ వేళకి ఆ పై అంతస్తులో వినపడే చప్పుడు అదొక్కటే.

రెండు వాటాలు. ఎదురెదురు తలుపులు. మధ్యలో నడవా, నడవాలో మొక్క. ఒక తలుపు పెద్ద కోడలిది, ఒకటి చిన్న కోడలిది. మొక్క ఇద్దరిదీ. కుండీని చెరో పక్కా పట్టుకుని, మెట్టు మెట్టుకీ దించి మళ్ళీ ఎత్తుతూ, నవ్వుతూ, ఇద్దరూ కలిసి మోసుకొచ్చారు. ఒక్కో ఆకూ పళ్ళెమంత. చిన్న కోడలి కూతురు దానికి చెవుల మొక్క అని పేరు పెట్టింది.

అది నిరుడు. ఇప్పుడు మాటల్లేవు.

ఎనిమిది నెలలు.

ఒక్క మాట వల్ల. ఆ మాట అన్నది పెద్ద కోడలే. ఆమెకి పిల్లల్లేరు. తోడికోడలి కూతురు మూడో నెల నుంచీ ఆమె ఒళ్ళోనే పెరిగింది. తల్లి ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే రావడం. ఒకరోజు పిల్లకి జ్వరం. తల్లి పరుగున వచ్చి, "మందు వేళకి వేశావా అక్కా?" అంది.

"నువ్వు కన్నావంతే. పెంచుతున్నది నేను."

నోరు జారిందనుకోవడానికి కూడా లేదు. ఎన్నాళ్ళనుంచో లోపల ఉన్న మాటే.

"సరే అక్కా. రేపట్నించి ఆ శ్రమ నీకొద్దులే."

మర్నాటి నుంచి పిల్ల డే కేర్‌కి వెళ్ళింది. ఆ తలుపు మూసుకుంది. ఈ తలుపూ మూసుకుంది. అన్నదమ్ములిద్దరూ మాత్రం తమ ప్రింటింగ్ ప్రెస్సులో ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేస్తారు. "వాళ్ళ గొడవలో వేలు పెడితే మన కూరలో ఉప్పుండదురా," అంటాడట అన్న, తమ్ముడితో.

పెద్దమ్మా — అని పిలిచేవాళ్ళు లేరు.

పెద్ద కోడలికి రోజు పొడుగ్గా ఉంటుంది. గిన్నెలు తోమాక, బట్టలు మడతపెట్టాక, ఇంకా మిగులుతుంది.

రోజు విడిచి రోజు, పదకొండింటికి, మొక్కకి ఒక చెంబెడు నీళ్ళు. అది మాత్రం మానలేదు. ఆవిడకి తీరికెక్కడిది, నేను పొయ్యకపోతే ఎండిపోదూ — అనుకుంది.

ఎండిపోలేదు. కారడం మొదలెట్టింది.

పొద్దున్నే ప్రతి ఆకు చివరా చుక్క. పడిన చోట, ఆరాక, తెల్లటి మచ్చ. తుడిస్తే పోతుంది. మర్నాడు మళ్ళీ.

ఏడుస్తోందా? జబ్బు చేసిందా? పిల్లకి హాని అని చెప్పి, తోడికోడలు మొక్కని తీయించేస్తే... అదీ భయం. ఇద్దరికీ కలిపి మిగిలింది ఇదొక్కటే.

మొక్క కొన్న నర్సరీకి వెళ్ళి, అక్కడి ముసలాయనకి ఫోన్లో ఫొటో చూపించింది.

"ఏడుపూ కాదు, జబ్బూ కాదమ్మా. పగలు ఆకుల్లోంచి నీళ్ళు ఆవిరైపోతాయి. రాత్రి ఆకుల రంధ్రాలు మూసుకుంటాయి. వేళ్ళేమో పైకి తోస్తూనే ఉంటాయి. ఎక్కువైంది కొసన బయటికొస్తుంది. ఆ మచ్చంటారా, మట్టిలోని ఉప్పే."

"ప్రమాదం లేదుగా?"

"చుక్క వల్ల లేదు. పిల్లలు ఆకు నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి, చాలు. కానీ ఇంతగా కారుతోందంటే మట్టి ఎప్పుడూ తడిగానే ఉందన్నమాట. అలాగే వదిలేస్తే వేళ్ళు కుళ్ళిపోతాయి. ఎన్ని పోస్తున్నారేంటి?"

"రెండ్రోజులకో చెంబండీ."

"దానికే ఇంత కారదే!" ఆయన నవ్వాడు. "మీరొక్కరేనా పోసేది?"

మీరొక్కరేనా.

ఇంటికొచ్చేదాకా ఆ మాటే.

మర్నాడు పొద్దున ఆరున్నరకి తలుపు సందులోంచి చూసింది. చిన్న కోడలు. భుజాన తెల్లకోటు. చేతిలో పిల్ల నీళ్ళ సీసా. వంగి పోస్తోంది — తొందరపడకుండా, కుండీ చుట్టూ తిప్పి, ఒక ఆకు మీది దుమ్ము మణికట్టుతో తుడిచి.

అక్కకి పట్టదు, నేను పొయ్యకపోతే ఎండిపోదూ — అనుకుని ఉంటుంది.

ఇద్దరి నీళ్ళు. ఒక్క మొక్క.

ఎవరో ఒకరు మానాలి. ఆ సంగతి చెప్పాలంటే మాట్లాడాలి. మాట్లాడాలంటే ముందు — తప్పు నాదే, అనాలి. అది గొంతు దాకా వస్తుంది...

ఆగుతుంది.

తనే మానేసింది.

మూడోరోజుకి చుక్కలు తగ్గాయి. ఐదోరోజుకి లేవు. పదకొండింటికి చెయ్యి చెంబు వైపు వెళ్ళేది. వెనక్కి తీసుకునేది. ఆమె పోస్తోందిలే.

పన్నెండో రోజు పొద్దున్నే చూస్తే ఆకులు వాలిపోయి ఉన్నాయి.

వేలు గుచ్చితే దిగలేదు. మట్టి ఎండి, కుండీ అంచుని వదిలి, లోపలికి ముడుచుకుపోయింది.

ఆమె కూడా ఎవరినో అడిగి ఉంటుంది. ఆమె కూడా తలుపు సందులోంచి చూసి ఉంటుంది. అక్కే పోసుకోనీ — అనుకుని ఉంటుంది.

చెంబు నిండా నీళ్ళు తెచ్చింది. ఎదుటి తలుపు గడియ తీసిన చప్పుడు. ఎనిమిది నెలలుగా ఆ చప్పుడు వినగానే లోపలికి వెళ్ళిపోయేది.

వెళ్ళలేదు.

చిన్న కోడలు గడపలోనే ఆగింది. మొక్కని చూసింది. చెంబుని చూసింది.

"నువ్వు పొయ్యట్లేదా అక్కా?"

"నువ్వు పోస్తున్నావనుకున్నాను."

"నేనూ అదే..."

లోపల్నించి పిల్ల గొంతు. నిద్ర వదలని గొంతు.

"అమ్మా, ఎవరొచ్చారూ?"

చిన్న కోడలు వెనక్కి తిరగలేదు. పెద్ద కోడలి ముఖంలోకే చూస్తోంది. పెదవులు కదిలాయి.

చెంబు అంచున ఒక చుక్క.

లావవుతోంది.

ఇంకా — పడలేదు.